స్నోబ్లోయర్‌కి ముప్పు మూలనున్నప్పుడే

స్నోబ్లోయర్ పాడయ్యేది మంచు తోసేటప్పుడు కాదు, ఏ పనీ లేక గరాజ్ మూలన నిలబడి ఉన్నప్పుడు. మినెసోటా, మిషిగన్, విస్కాన్సిన్, అప్‌స్టేట్ న్యూయార్క్, అంటారియో ప్రాంతాల్లో ఏడాదికి నాలుగైదు నెలలు పనిచేసి, మిగతా ఏడెనిమిది నెలలు ఖాళీగా ఉండే యంత్రం ఇది. తొలి మంచు పడ్డ మర్నాడు రిపేరు షాపుల ముందు వరస కట్టే యంత్రాల్లో చాలావాటి జబ్బు ఒకటే. పోయిన మార్చిలో ట్యాంకులో వదిలేసిన పెట్రోలు.

ఈ సంగతి మంచు విపరీతంగా పడే ఊళ్లలో కన్నా తక్కువ పడే ఊళ్లలోనే బాగా తెలిసొస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 2022–23 చలికాలం మొత్తానికీ పడింది 2.3 అంగుళాలు. అక్కడ లెక్క రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ అంత తక్కువ ఏ ఏడూ లేదు. 2022 ఫిబ్రవరి నుంచి 2024 జనవరి దాకా 701 రోజులపాటు ఒక్కరోజులో అంగుళం మంచైనా పడలేదు. న్యూజెర్సీలో మనవాళ్లు వేలల్లో ఉన్న ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల కూడా ఆ రెండేళ్లు స్నోబ్లోయర్లకు పని బాగా తగ్గింది. వాడకపోతే అరగదు కదా అని యజమానులు నిశ్చింతగా ఉన్నారు. 2024 జనవరిలో తాడు లాగితే లేవని యంత్రాలకు ఆ నిశ్చింతే కారణం. బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్‌లలో 2022 నవంబరులో ఒక్క తుపానుకు దాదాపు 80 అంగుళాలు కురిసింది. అక్కడి యంత్రానికి చాకిరీ ఎక్కువ, అయినా దాని కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవ ఉండదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాల్లో ఉన్నవారు మినెసోటా వారికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ముందు యంత్రం గురించి నాలుగు మాటలు. కెనడాలో క్విబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మోటారుతో నడిచే స్నోబ్లోయర్‌ను తయారుచేశాడు. 1927లో మాంట్రియల్ పక్కనున్న ఊత్రమాంట్ పట్టణం దాన్ని కొన్నది. అవి రోడ్లకోసం చేసిన భారీ వాహనాలు. ఇంటి ముందు ఒక మనిషి వెనకనుంచి నడిపే చిన్నవి 1950ల నుంచి వచ్చాయి. ఇవాళ దుకాణంలో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. సింగిల్ స్టేజ్‌లో రబ్బరు అంచుతో గిర్రున తిరిగే ఆగర్ ఒక్కటే మంచును గీకి, చ్యూట్ అనే గొట్టంలోంచి విసురుతుంది. అది నేలను తాకుతూ తిరుగుతుంది కాబట్టి గులకరాళ్ల దారిలో పనికిరాదు. టూ స్టేజ్‌లో ముందున్న ఉక్కు ఆగర్ మంచును పొడిచేసి వెనక్కి నెడితే, దాని వెనక వేగంగా తిరిగే ఇంపెల్లర్ బయటకు విసురుతుంది. చక్రాలకు ఇంజన్ శక్తి ఉంటుంది, బరువు కూడా ఎక్కువే. మూడో దశ కూడా చేర్చిన మోడళ్లు ఉన్నాయి గానీ మామూలు డ్రైవ్‌వేకి వాటి అవసరం తక్కువ.

రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే ఉన్నవాళ్లు పారతో సరిపెట్టుకోవచ్చా అంటే వయసునుబట్టి, గుండెనుబట్టి చెప్పాలి. చలిలో రక్తనాళాలు బిగుసుకుంటాయి, పైగా చేతులతో బరువెత్తే పని. మంచు తోడుతూ గుండెపోటు వచ్చే ప్రమాదం గురించి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. మనదేశం నుంచి వచ్చినవాళ్లలో గుండెజబ్బు మిగతావారికన్నా చిన్న వయసులోనే కనిపిస్తుందన్నదీ వైద్యులు ఒప్పుకున్న విషయమే. రాత్రి నగరపాలక సంస్థవారి మంచు తోసే ప్లో బండి వెళుతూ వెళుతూ డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు పోసిపోతుంది. ఉప్పు, నీరు, గడ్డలు కలిసిన ఆ గట్టు తెల్లారేసరికి రాయిలా బిగుస్తుంది. నలభై దాటినవాళ్లు ఆఫీసు హడావుడిలో దాన్ని పారతో పగలగొట్టబోవడం చూస్తే నాకు భయమేస్తుంది. యంత్రం ఉండటమే కాదు, ఆ పొద్దున అది లేచి నిలబడటం ముఖ్యం. నిర్వహణ గురించి ఇంత పట్టుబట్టడం అందుకే.

ఇక పెట్రోలు. ఈ విషయంలో ఉన్నన్ని అభిప్రాయాలు మరే భాగం మీదా లేవు.

అమెరికాలో మామూలు బంకులో దొరికే పెట్రోలులో పదిశాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకులో నెలల తరబడి నిలవుంటే నీరు చేరి, ఒక హద్దు దాటాక ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కు ఇంధనం అందే గొట్టం ఉండేదీ అడుగునే. ఇంకోవైపు పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందు పోతాయి. మిగిలింది జిగురై, వార్నిష్‌లా గట్టిపడుతుంది. మామూలు పెట్రోలుకు ఒక నెల దాటితే నమ్మకం లేదని చిన్న ఇంజన్ల తయారీదారులు చెబుతారు.

ఈ జిగురు ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడాలంటే కార్బొరేటర్ అడుగు విప్పాలి. అక్కడ అరచేతిలో ఇమిడే లోహపు గిన్నె ఒకటి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది కింద ఒకే బోల్టు. ఒక వేసవి అంతా పెట్రోలు నిలవున్న గిన్నె విప్పితే అడుగున పచ్చటి జిగట, అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తాయి. పుల్లటి వాసన వేస్తుంది. అందులోంచి ఇంధనం పైకి పీల్చే జెట్‌కు ఉండేది సన్నని సూది దూరేంత రంధ్రం. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు పనిచేసే పైలట్ జెట్ అంతకన్నా సన్నం. అది సగం మూసుకుపోతే ఇంజన్ లేస్తుంది, కానీ వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. చోక్ సగం మూసి ఉంచితేనే నడుస్తుంది, పూర్తిగా తెరిస్తే ఆగిపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే స్పార్క్ ప్లగ్ మార్చి లాభం లేదు, కార్బొరేటర్ శుభ్రం చేయాల్సిందే. మంచి మెకానిక్ యంత్రాన్ని తాకకముందే, ఫోనులో ఈ ఒక్క మాట విని జబ్బు చెప్పేస్తాడు.

నిలవపెట్టేటప్పుడు ఏం చేయాలన్నదాని మీద రెండు పక్షాలున్నాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీచేసి, ఇంజన్ ఆగిపోయేదాకా నడిపి, ఎండగట్టి పెట్టాలనేది ఒకటి. లేని పెట్రోలు చెడిపోదు కదా అని వాళ్ల వాదన. తాజా పెట్రోలులో స్టెబిలైజర్ కలిపి ట్యాంకు నిండా పోసి ఉంచాలనేది రెండోది. నిండా ఉంటే లోపల గాలికి చోటుండదు, తేమ చేరదు, ఇనప ట్యాంకైతే తుప్పు పట్టదు, రబ్బరు గాస్కెట్లు ఎండి బీటలు వారవు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. అన్యాయమైపోయేది మధ్యలో ఉన్నవాళ్లు. ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపితే అయిపోయిందనుకుంటారు కానీ, జెట్‌కు అందనంత పెట్రోలు గిన్నె అడుగున మిగిలే ఉంటుంది. ఆ కాసిని చుక్కలే వేసవికల్లా జిగురవుతాయి. స్టెబిలైజర్ పక్షంలోనూ ఇలాంటి సగం పని చేసేవాళ్లున్నారు. మందు ట్యాంకులో పోసి మూత పెట్టేస్తారు, ఇంజన్ నడపరు. మందు ట్యాంకులోనే ఉండిపోతుంది, కార్బొరేటర్‌లో పాత పెట్రోలు పాతగానే ఉంటుంది. ఇంకొందరు ఆర్నెల్ల పాత పెట్రోలులో దాన్ని కలుపుతారు. చెడినదాన్ని బాగుచేసే శక్తి స్టెబిలైజర్‌కు లేదు, తాజాదాన్ని కాపాడటం ఒక్కటే దాని పని.

నా తీర్పు ఇది. ఇంటికి విడిగా షెడ్డో, గ్యాస్ మంట లేని గరాజో ఉండి, యంత్రానికి ఇంధనం కట్టేసే వాల్వు ఉంటే రెండు పద్ధతులనూ కలపండి. బంకు నుంచి అప్పుడే తెచ్చిన పెట్రోలులో సీసా మీద చెప్పిన మోతాదులో స్టెబిలైజర్ కలపాలి. ఎక్కువగా అమ్ముడయ్యే రకానికైతే రెండున్నర గాలన్లకు ఒక ఔన్సు, అంటే దాదాపు తొమ్మిదిన్నర లీటర్లకు 30 మిల్లీలీటర్లు. ట్యాంకు నింపి, బయట పది నిమిషాలు ఇంజన్ నడిపితే మందు కార్బొరేటర్‌కు చేరుతుంది. తర్వాత వాల్వు కట్టేసి, ఇంజన్ ఆగేదాకా ఉండి, చల్లారాక గిన్నె కింద బోల్టు వదులుచేసి మిగిలిన చుక్కల్ని డబ్బాలోకి దించాలి. టౌన్‌హౌస్‌లో ఉండి, గరాజ్‌లోనే గ్యాస్ వాటర్ హీటరో ఫర్నేసో ఉన్నవాళ్లు మాత్రం ట్యాంకుతో సహా మొత్తం ఖాళీ చేయాల్సిందే. అక్కడ కార్బొరేటర్ కన్నా ఇల్లు ముఖ్యం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త మోడళ్లకు ఎండగట్టే పద్ధతి వద్దని, స్టెబిలైజర్ కలిపిన ఇంధనమే ఉంచమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. అక్కడ మాన్యువల్ మాటే ఆఖరు.

అసలు ఏ పెట్రోలు పోయాలన్నది దీనికి ముందు ప్రశ్న. మినెసోటా బంకుల్లో ఇథనాల్ లేని 91 ఆక్టేన్ ప్రీమియం, చిన్న ఇంజన్లకూ పడవలకూ పాత కార్లకూ అనే చీటీతో దొరుకుతుంది. ధర ఎక్కువే, కానీ ఏడాదికి ఒక స్నోబ్లోయర్ తాగేది కొద్ది గాలన్లే. నిలవపెట్టే ఆఖరి ట్యాంకుకైనా అది పోయడం మంచిది. పంపు దగ్గర ‘అన్‌లెడెడ్ 88’ అని చవగ్గా కనిపించేదాన్ని ముట్టుకోవద్దు. అందులో 15 శాతం ఇథనాల్. చిన్న ఇంజన్లలో వాడరాదని పంపు మీద అంటించిన చీటీలోనే రాసి ఉంటుంది. సెప్టెంబరులో లాన్ మోవర్ కోసం తెచ్చి మిగిలిన క్యాను కూడా వద్దు. వేసవి పెట్రోలు ఎండకి త్వరగా ఆవిరి కాకుండా కలిపి ఉంటుంది, చలికాలం పెట్రోలు తేలిగ్గా అంటుకునేలా కలుపుతారు. సున్నా కింద ఇరవై డిగ్రీల్లో వేసవి పెట్రోలుతో తాడు లాగడం భుజాలకు శిక్ష.

ఇది అమెరికా గొడవ మాత్రమే కాదు. ఇండియాలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతటా వచ్చేసింది. విజయవాడలోనో వరంగల్‌లోనో అమ్మానాన్నల ఇంట్లో, ఏడాదికోసారి వచ్చినప్పుడు వాడుకుందామని ఉంచిన పాత స్కూటరుకూ ఈ నియమాలన్నీ వర్తిస్తాయి. గుంటూరు మిరపచేలల్లో పవర్ స్ప్రేయర్ వాడే రైతులు చాలామంది పంట అయ్యాక పెట్రోలు వంపేసి, ఇంజన్ ఎండగట్టి అటక మీద పెడతారు. ఏ మాన్యువలూ చదివి నేర్చుకున్న పద్ధతి కాదది.

ఆయిల్ గురించి చెప్పాల్సింది తక్కువ. చలికి చిక్కబడని 5డబ్ల్యూ-30 పోయాలి, సింథటిక్ అయితే మరీ మంచిది. లాన్ మోవర్‌కు వాడే ఎస్ఏఈ 30 ఇక్కడ పనికిరాదు. కొత్త యంత్రానికి మొదటి మార్పు కొద్ది గంటల్లోనే చేయాలి, తర్వాత ఏడాదికోసారి చాలు. ఆయిల్ వసంతంలో మార్చాలా, చలికాలం ముందు మార్చాలా అని వాదించుకుంటారు. నేను వసంతం వైపు. నడిచిన ఆయిల్‌లో మండిన ఇంధనపు ఆమ్లాలు, తేమ కలిసి ఉంటాయి, వాటిని ఎనిమిది నెలలు బేరింగుల మీద కూర్చోబెట్టడం ఎందుకు? స్పార్క్ ప్లగ్ ఖరీదు నాలుగైదు డాలర్లు, ఏడాదికోసారి మార్చేయొచ్చు. గ్యాప్ చాలా ఇంజన్లకు 0.030 అంగుళాలు.

వేసవిలో నెలకోసారి ఇంజన్ నడిపితే చాలదా అని చాలామంది అడుగుతారు. వద్దు. స్నోబ్లోయర్ ఇంజన్లకు మామూలుగా ఎయిర్ ఫిల్టర్ ఉండదు. మంచు రేణువులు ఫిల్టర్‌లో చేరి గడ్డకట్టి ఊపిరాడనివ్వవు, చలికాలంలో దుమ్ము ఎలాగూ లేవదు అని తయారీదారులు దాన్ని తీసేశారు. జులై ఎండలో, డ్రైవ్‌వే దుమ్ములో నడిపితే ఆ దుమ్మంతా నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. అయిదు నిమిషాలు నడిపి ఆపేస్తే ఆయిల్ సరిగ్గా వేడెక్కక లోపలి తేమ కూడా పోదు.

అందరూ పెట్రోలు గురించే మాట్లాడతారు కానీ టూ స్టేజ్ యంత్రాల్లో ఎక్కువ డబ్బు పోయే నష్టం వేరేచోట జరుగుతుంది. అది ఆగర్ షాఫ్టు మీద.

ముందు భాగంలో తిరిగే ఆగర్ ఒక బోలు గొట్టం. దాని మధ్యలోంచి ఉక్కు షాఫ్టు వెళుతుంది, షాఫ్టును తిప్పేది నడిమధ్యనున్న గేర్‌బాక్సు. గొట్టాన్నీ షాఫ్టునూ కలిపేది అటొకటి, ఇటొకటి ఉండే చిన్న షియర్ పిన్నులు. మంచు కింద దాగిన రాయో, గడ్డకట్టిన ఆదివారం పేపరు కట్టో, డోర్‌మ్యాటో ఆగర్‌లో ఇరుక్కుంటే ఆ పిన్ను విరుగుతుంది. షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, ఆగర్ ఆగిపోతుంది, గేర్లు బతుకుతాయి. మనిళ్లలో ఫ్యూజు చేసే పనే ఇది. ఫ్యూజు పోయినప్పుడల్లా విసుగెత్తి మందపాటి తీగ చుట్టేవాళ్లు ఉండేవారే, అలాగే షియర్ పిన్ను విరిగిందని హార్డ్‌వేర్ షాపు నుంచి గట్టి ఉక్కు బోల్టు తెచ్చి బిగించేవాళ్లూ ఉంటారు. ఆ బోల్టు విరగదు, గేర్‌బాక్సు విరుగుతుంది. పిన్ను ఖరీదు కొద్ది డాలర్లు, గేర్‌బాక్సు ఖరీదు వందల్లో.

సరైన పిన్నే వేసినా ఇంకో చిక్కు ఉంది. ఉప్పునీరు గొట్టానికీ షాఫ్టుకీ మధ్యనున్న సందులోకి దిగుతుంది. వేసవంతా అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది. నాలుగైదేళ్లలో ఆ రెండూ అతుక్కుని ఒకటైపోతాయి. అప్పుడు పిన్ను ఉన్నా లేనట్టే. రాయి ఇరుక్కుంటే దెబ్బ నేరుగా గేర్లకే తగులుతుంది. బయటినుంచి చూస్తే ఏ తేడా తెలియదు, యంత్రం మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది. తెలుసుకునే దారి ఒకటే. స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, రెండు పిన్నులూ తీసి, ఆగర్‌ను ఒక్కోవైపు చేత్తో తిప్పి చూడాలి. షాఫ్టు కదలకుండా ఆగర్ సులువుగా తిరిగితే క్షేమం. అప్పుడు ఆగర్ గొట్టం మీదున్న గ్రీజు నిపుల్‌కు గన్ను పెట్టి, గ్రీజు రెండు చివరల నుంచీ తొంగిచూసేదాకా కొట్టి, నాలుగు చుట్లు తిప్పి, పిన్నులు వేసేయాలి. నిపుల్ లేని మోడళ్లకు చివరల్లో ఆయిల్ వేసి తిప్పుతూ లోపలికి పారనివ్వాలి. తిరక్కపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రోజుల తరబడి ఓపిక పట్టి, కొద్దికొద్దిగా కదపాలి. పాతిక నిమిషాలు పట్టని ఈ పని ఏడాదికోసారి చేసేవాళ్లు బహు తక్కువ. ఈ వ్యాసం చదివి ఒక్క పనే చేస్తానంటే ఇదే చేయమంటాను. గేర్‌బాక్సులో ఆయిల్ మట్టమూ అప్పుడే చూసుకోవచ్చు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. బెల్టులు రెండుంటాయి, ఆగర్‌కొకటి, చక్రాలకొకటి. అంచులు చీలినా, పక్కలు అద్దంలా మెరుస్తున్నా మార్చాలి, ఒక జత అదనంగా గోడకు తగిలించి ఉంచుకుంటే జనవరిలో పరుగెత్తక్కర్లేదు. చక్రాలను నడిపే రబ్బరు ఫ్రిక్షన్ డిస్కు మీద ఆయిల్, గ్రీజు చుక్క పడనివ్వకూడదు, పడితే యంత్రం ఎక్కడిదక్కడే జారుతుంది. ఆగర్ చుట్టూ ఉండే బకెట్ కింద రెండువైపులా ఉండే స్కిడ్ షూలు అరిగితే చాలా మోడళ్లలో తిరగేసి వాడుకోవచ్చు. కాంక్రీటు మీదైతే స్క్రేపర్ బార్‌కీ నేలకీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం చాలు, గులకరాళ్ల దారిలో అంగుళం దాకా ఎత్తాలి. రెండు టైర్లలో గాలి సమానంగా లేకపోతే యంత్రం ఒక పక్కకి లాగుతుంది. దాన్ని తిన్నగా పట్టుకుని నడిపే నడుముకు ఆ సంగతి త్వరగానే తెలుస్తుంది.

చలికాలం మధ్యలో, ఒక మంచుకీ ఇంకో మంచుకీ మధ్య చేయాల్సింది కూడా నిర్వహణలో భాగమే. పని అయ్యాక వెంటనే ఆపేయకుండా ఖాళీ ఆగర్‌ను రెండు నిమిషాలు తిరగనిస్తే ఇంపెల్లర్ గదిలో ఇరుక్కున్న తడి మంచు బయటికి పోతుంది. లేకపోతే రాత్రికి గడ్డకట్టి మర్నాడు ఇంపెల్లర్ తిరగదు, బెల్టు కాలిన వాసన వస్తుంది. చ్యూట్ తిప్పే కడ్డీనీ, గేరు లివర్నూ నాలుగుసార్లు ఆడించి, అంటుకున్న మంచును బ్రష్‌తో దులిపేయాలి. యంత్రాన్ని వెచ్చటి గరాజ్‌లో పెట్టాలా, చల్లటి షెడ్డులోనా అన్నదాని మీదా వాదాలున్నాయి. వెచ్చటిచోట తాడు తేలిగ్గా లాగవచ్చు. కానీ వెచ్చగా ఉన్న ఇనుము మీద పడ్డ మొదటి మంచు కరిగి అంటుకుని చ్యూట్‌ను మూసేస్తుంది. వెచ్చటి గరాజ్ వాళ్లు పనికి ముందు యంత్రాన్ని కొద్ది నిమిషాలు బయట చలిలో నిలబెడితే ఆ ఇబ్బంది పోతుంది. చ్యూట్ లోపల సిలికాన్ స్ప్రే కొడితే ఇంకా మంచిది.

వేసవి నిలవకు చోటు పొడిగా ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కప్పి తాడు బిగిస్తే లోపల చెమ్మ చేరి, విప్పేసరికి తుప్పు కనిపిస్తుంది. గాలాడే గుడ్డ కవరు కప్పాలి, లేదంటే ఏమీ కప్పకపోవడమే నయం. కప్పేముందు ఉప్పు పోయేలా నీళ్లతో కడిగి, బేరింగుల మీద ప్రెషర్ వాషర్ పెట్టకుండా, పూర్తిగా ఆరనివ్వాలి. రంగు లేచినచోట టచప్ పెయింటు వేయాలి. ఎలుకలు ఇంజన్ కవరు కింద గూళ్లు కట్టడం ఇక్కడ మామూలే, తీసేయకపోతే ఆ గడ్డీ గుడ్డపీలికలే ఇంజన్ వేడికి అంటుకుంటాయి. అందుకని చలికాలం ముందు ఆ కవరు కింద టార్చి వేసి చూడాలి. బేస్‌మెంటులో పెట్రోలున్న యంత్రాన్ని ఎప్పుడూ పెట్టవద్దు. ఇంజన్‌కుండే ప్లాస్టిక్ తాళంచెవి తీసి పిల్లలకు అందనిచోట ఉంచాలి.

ఈ పనులు ఎప్పుడు చేయాలో గుర్తుపెట్టుకోవడానికి మన పండగలు అక్కరకొస్తాయి. న్యూజెర్సీ, మేరీలాండ్‌లలో ఉగాది వెళ్లిన వారం యంత్రాన్ని సర్ది పెట్టవచ్చు. మినెసోటాలో మాత్రం ఉగాదిని నమ్మకూడదు. 2018లో ఉగాది మార్చి 18న వచ్చింది, ఏప్రిల్ నడిమికి మినియాపొలిస్‌లో ఒకే తుపానుకు 15 అంగుళాలు దాటి పడింది. అక్కడ ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగాలి. సిద్ధం చేయడానికి దసరా అన్నిచోట్లా సరిపోతుంది. మినెసోటా జంట నగరాలను 28 అంగుళాల మంచులో ముంచిన 1991 హాలోవీన్ తుపాను, న్యూజెర్సీలో ఆకులు రాలకముందే కొమ్మలు విరగ్గొట్టిన 2011 అక్టోబరు తుపాను, రెండూ దసరా వెళ్లాకే వచ్చాయి. ఆయుధపూజకు కారుకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే ఇంటివాళ్లు ఆ వారాంతంలోనే స్నోబ్లోయర్‌ను బయటికి లాగి, తాజా పెట్రోలు పోసి, పది నిమిషాలు నడిపి చూస్తే, లోపం ఏదన్నా ఉన్నా షాపు ఖాళీగా ఉండే రోజుల్లోనే బయటపడుతుంది.

డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి చూసుకుని వచ్చేవాళ్లు ఇంకోటి ఆలోచించాలి. ఇల్లు తాళం వేసినా ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేసే బాధ్యత చాలా ఊళ్లలో ఇంటివాళ్లదే. మినియాపొలిస్‌లో మంచు ఆగిన 24 గంటల్లో విడి ఇళ్లవాళ్లు తీసేయాలి, లేకపోతే నగరమే తీసి బిల్లు పంపుతుంది. పక్కింటివారికి యంత్రం అప్పగించి వెళ్లేటప్పుడు ఫ్యూయల్ వాల్వు ఏ వైపు తిప్పాలో, చోక్ ఎంతవరకు పెట్టాలో, అదనపు షియర్ పిన్నులు ఎక్కడున్నాయో ఒక అట్టముక్క మీద రాసి హ్యాండిల్‌కు కట్టండి. ఆ అట్ట మీద రెండు హెచ్చరికలు పెద్ద అక్షరాలతో ఉండాలి. చ్యూట్ మూసుకుపోతే ఇంజన్ ఆపి, అన్నీ తిరగడం ఆగాక, యంత్రంతో ఇచ్చిన కర్రతోనే తీయాలి, చెయ్యి పెట్టకూడదు. ఇంజన్ ఆగినా ఇరుక్కున్న ఇంపెల్లర్‌లో బిగువు మిగిలే ఉంటుంది, అడ్డు తీయగానే అది ఒక్కసారి తిరుగుతుంది. వేళ్లు పోవడానికి ఆ ఒక్క చుట్టు చాలు. రెండోది, తలుపు తెరిచే ఉన్నా సరే గరాజ్‌లో ఇంజన్ వేడి చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, అది ఇంట్లోకి పాకుతుంది.

ఇంత పని మా వల్ల కాదనేవాళ్లకు ఇప్పుడు బ్యాటరీ యంత్రాలు వచ్చాయి. చిన్న డ్రైవ్‌వేకి, ఆరేడు అంగుళాల లోపు మంచుకి అవి చక్కగా పనిచేస్తాయి. పెట్రోలు, కార్బొరేటర్, ఇంజన్ ఆయిల్ గొడవలేవీ లేవు. బరువైన తడి మంచుకూ, ప్లో పోసిన గట్టుకూ మంచి పెట్రోలు యంత్రమే ఇంకా ముందుంది. బ్యాటరీకీ నిలవ నియమాలున్నాయి. లిథియం బ్యాటరీని వేసవంతా నిండుగా గానీ, పూర్తి ఖాళీగా గానీ ఉంచకూడదు. సగం ఛార్జితో, ఇంట్లో చల్లటిచోట ఉంచాలి. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని ఛార్జరుకు తగిలిస్తే దానికి శాశ్వతంగా నష్టం జరుగుతుంది, గది వేడికి వచ్చాకే పెట్టాలి. టూ స్టేజ్ బ్యాటరీ మోడళ్లకు ఆగర్ షాఫ్టు, షియర్ పిన్ను మామూలే. అక్కడి తుప్పుకు పెట్రోలని, బ్యాటరీ అని తేడా లేదు.

బాగా చూసుకున్న యంత్రం ఎన్నాళ్లుంటుందో తెలుసుకోవడానికి పాతసామాను అమ్మకాలు చూస్తే చాలు. అమెరికాలో ఎన్నో స్నోబ్లోయర్లకు ఇంజన్లిచ్చిన టెకమ్సే సంస్థ ఆ తయారీని 2008లో మూసేసింది. ఆ సంస్థ స్నో కింగ్ ఇంజన్లు ఇప్పటికీ గరాజుల్లో మొదటి లాగుకే లేస్తున్నాయి. ఏటా మినెసోటా నుంచో మిషిగన్ నుంచో డాలస్‌కూ షార్లెట్‌కూ ఉద్యోగాలు మారే తెలుగు కుటుంబాలు తమ యంత్రాన్ని వసంతంలో అమ్మకానికి పెడతాయి, ధరలు అప్పుడే తక్కువ. కొనేవాళ్లు ముందే ఫోను చేసి, మేం వచ్చేదాకా ఇంజన్ నడపవద్దని చెప్పాలి. చేరగానే సిలిండర్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, అప్పుడు లాగించాలి. లేచాక చోక్ పూర్తిగా తెరిచి, వేగం ఊగుతుందేమో ఒక నిమిషం వినాలి. తర్వాత ఇంజన్ ఆపి, ప్లగ్ వైరు పీకి, అమ్మేవారి అనుమతితో ఒక షియర్ పిన్ను తీసి ఆగర్ తిప్పి చూడాలి. పిన్ను స్థానంలో మామూలు బోల్టు కనిపించినా, ఆగర్ షాఫ్టుకు అతుక్కుపోయినా, పైన రంగు ఎంత మెరుస్తున్నా ధర సగానికి అడగండి, లేదా వేరేది చూసుకోండి.